ఇంటిపనిలో పిల్లల వాటా: తెగని చర్చపై ఒక సమీక్ష

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఎంత హడావిడో తెలుగు కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. టిఫిను, క్యారేజీలు, స్కూలు బస్సు, ఆరేయాల్సిన బట్టలు, ఆ పూట రానని ఫోన్ చేసిన పనమ్మాయి. ఈ భారంలో కొంత పిల్లలకు పంచితే ఇల్లు తేలికపడుతుందనీ, వాళ్లకూ బాధ్యత అలవడుతుందనీ పత్రికల కుటుంబ పేజీల్లో, బడుల్లో జరిగే తల్లిదండ్రుల సమావేశాల్లో తరచుగా వినిపిస్తోంది. పైకి ఇందులో వివాదమేమీ కనపడదు. లోపలికి వెళితే మాత్రం ఈ ఒక్క సలహా చుట్టూ నాలుగు వేరు వేరు చర్చలు అల్లుకుని ఉన్నాయి.

ఇంటిపని పిల్లల మనసును, బుద్ధిని ఎలా తీర్చిదిద్దుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు అడుగుతున్నారు. సాయం ఎక్కడ ఆగి చాకిరీ ఎక్కడ మొదలవుతుందని బాలల హక్కుల కార్యకర్తలు అడుగుతున్నారు. పిల్లలు అంటున్నామే గానీ నిజానికి చేస్తున్నది ఆడపిల్లలే కదా అని స్త్రీవాదులు నిలదీస్తున్నారు. ఇక తల్లిదండ్రులది సూటి ప్రశ్న: దీనివల్ల నా పని తగ్గుతుందా? ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరో ప్రశ్నకు అతికించడం వల్లే ఈ చర్చ చిక్కుపడింది. పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బలంగా తోస్తుంది. ఆ పని ఇంట్లో ఎవరి పనిగా లెక్కకు వస్తోందన్నది ముందు తేలాలి. అది తేలకుండా పిల్లలకు పంచినదంతా చివరికి అమ్మ పనిలో అమ్మాయి వాటాగా మిగులుతుంది.

గొడ్ల కాపరి నుంచి ర్యాంకుల దాకా

సేద్యం మీద బతికిన ఇళ్లలో ఇది చర్చే కాదు. ఆరేడేళ్లు వచ్చేసరికి మగపిల్లవాడు గొడ్ల వెంట వెళ్లేవాడు, పొలానికి సద్ది మోసేవాడు. ఆడపిల్ల చంటిబిడ్డను చంకనేసుకునేది, పుల్లలు ఏరేది, నీళ్లు మోసేది, వాకిట్లో కల్లాపి చల్లేది. నేతగాళ్ల ఇళ్లలో కండెలు చుట్టడం పిల్లలకు పనీ, వృత్తి శిక్షణా కూడా. పాశ్చాత్య దేశాల్లోనూ ఒకప్పుడు ఇదే తీరు. అమెరికా సమాజం పిల్లలను సంపాదనకు అక్కరకొచ్చే చేతులుగా చూడటం మాని, వెలకట్టలేని ఆపేక్షకు పాత్రులుగా చూడటం 1870–1930 మధ్య జరిగిందని సామాజిక శాస్త్రవేత్త వివియానా జెలైజర్ 1985లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. బాల కార్మిక చట్టాలు, నిర్బంధ విద్య, కుటుంబ ఆదాయాల్లో మార్పు కలిసి ఆ మలుపు తెచ్చాయి. ఇంటిపని ఒక్కటే పిల్లలకు మిగిలింది. దానికీ పని అన్న పేరు పోయి శిక్షణ అన్న పేరు వచ్చింది.

మన దేశంలో రెండు ఎదురెదురు ఆలోచనలు నడిచాయి. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీ చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలని ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం దానికి పాఠ్యప్రణాళిక రూపం ఇచ్చింది. రెండేళ్లకు, 1939లో, దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు. 1907లో రోమ్‌లో ఆమె తెరిచిన మొదటి బాలల గృహం నాటి నుంచీ నీళ్లు ఒంపడం, బల్ల తుడవడం, నేల ఊడ్వడం, గుండీలు పెట్టుకోవడం ఆ పద్ధతిలో పాఠాలే. ఇద్దరి లక్ష్యాలు వేరైనా, చేత్తో చేసే పనికి బుద్ధి వికాసంలో చోటుందన్న నమ్మకం ఒకటే.

పిల్లల చోటు పనిలో కాదు, బడిలోనే అన్న రెండో ఆలోచన తెలంగాణ పల్లెల్లో గట్టిపడింది. 1981లో ఏర్పడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాల కార్మికుల విముక్తి పని చేపట్టింది. శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ నిలబెట్టిన సూత్రం ఒక్కటే: బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాల కార్మికుడే, బాల కార్మికురాలే. కూలికి వెళ్లేవాళ్లతో పాటు తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి పట్టున ఉండిపోయిన పిల్లనూ ఆ లెక్కలో చేర్చడం పెద్ద మార్పు. అప్పటిదాకా గణాంకాల్లో ఆ పిల్ల ఏ పనీ చేయని మనిషి. ఈ కృషికి శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

ఈ రెంటికీ అవతల, ఏ సిద్ధాంతమూ లేకుండా నిశ్శబ్దంగా వచ్చిన మార్పు ఇంకొకటి ఉంది. దాని మీద రావలసినంత చర్చ రాలేదు. ఇంటింటికీ కుళాయి వచ్చింది. 1999లో మొదలైన దీపం పథకంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద ఇళ్లకూ గ్యాసు పొయ్యి చేరింది. గొడ్లు తగ్గాయి, కుటుంబాలు పట్నాలకు వచ్చాయి. పాతకాలపు ఇంటిపనుల్లో మగపిల్లవాడి వంతు చాలావరకు గడప బయట ఉండేది: గొడ్లు, పొలం, మరపట్టించుకురావడం, అంగడికి పోయి రావడం. అవన్నీ ఒక్కొక్కటే పోయాయి. చివరికి మిగిలిన దుకాణం పనిని కూడా పది నిమిషాల్లో సరుకులు తెచ్చే ఫోన్ యాప్‌లు తీసేసుకున్నాయి. ఆడపిల్ల వంతులో పుల్లలు, నీళ్లు పోయినా వంట, అంట్లు, ఊడ్పు, చంటిపిల్లలు గడప లోపల అలాగే ఉన్నాయి. అంటే మగపిల్లవాడికి పట్నంలో చేయడానికి పని లేకుండా పోలేదు. మగవాళ్ల పని అని పేరున్న పని లేకుండా పోయింది.

దీనికి తోడు చదువుల పోటీ. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, రెసిడెన్షియల్ కాలేజీల్లో పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్. నువ్వు చదువుకో చాలు, తాగిన గ్లాసు కూడా తీయొద్దు అన్న మాట ప్రేమతో పుట్టిందే. కూలి నాలి చేసి బిడ్డను చదివించే తల్లి నోట ఆ మాటకు ఒక తరం బాధ నుంచి తప్పించే అర్థముంది. దాన్ని గారాబమని కొట్టిపారేస్తే ఈ చర్చ సగం అర్థం కాదు.

అంకెలు ఏం చెబుతున్నాయి, ఏం చెప్పవు

మన దేశంలో మనుషులు రోజంతా ఏం చేస్తున్నారో తెలుసుకునే ప్రయత్నం తొలిసారి 1998–99లో ఆరు రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటా జాతీయ గణాంక కార్యాలయం చేసిన మొదటి కాల వినియోగ సర్వే 2019లో, రెండోది 2024లో. ఆరేళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ అడిగారు. 2019లో జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్నవాళ్లు స్త్రీలలో 81 శాతం, పురుషుల్లో 26 శాతం. పాల్గొన్న స్త్రీ రోజుకు 299 నిమిషాలు పనిచేస్తే, పాల్గొన్న పురుషుడు 97 నిమిషాలు. 2024కు ఈ సంఖ్యలు 289, 88. అయిదేళ్లలో ఇద్దరి సమయమూ కాస్త తగ్గింది గానీ మధ్య ఎడం అలాగే ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు చదువు సంబంధమైన పనుల మీద రోజుకు 413 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2024 సర్వే చెబుతోంది. దాదాపు ఏడు గంటలు.

సర్వే పద్ధతిని కూడా గమనించాలి. ముందురోజు తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఇరవైనాలుగు గంటలను అరగంటల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో పది నిమిషాలకు తగ్గని పనులనే రాసుకుంటారు. తిన్న కంచం తీయడం, మంచినీళ్ల సీసాలు నింపడం, ఆరిన బట్టలు లోపలికి తేవడం, చెల్లెలికి జడ వేయడం వంటి పనుల్లో చాలా భాగం ఈ జల్లెడలోంచి జారిపోతుంది. పిల్లలు చేసే పనులు ఎక్కువగా ఇలాంటివే.

ప్రపంచవ్యాప్తంగా 5–14 ఏళ్ల ఆడపిల్లలు అదే వయసు మగపిల్లల కంటే ఇంటిపనిలో 40 శాతం ఎక్కువ సమయం గడుపుతున్నారనీ, అది రోజుకు 16 కోట్ల గంటల తేడా అనీ యూనిసెఫ్ 2016లో లెక్క తేల్చింది. తెలుగు నేల మీద ఇంతకంటే విలువైన ఆధారం 'యంగ్ లైవ్స్' అధ్యయనం. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి అవే పిల్లలను ఏళ్ల తరబడి వెన్నంటి చూసిన అధ్యయనమిది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాద్ నగరం నుంచి సుమారు మూడు వేల మంది పిల్లలను ఎంచుకున్నారు. ఒకే బిడ్డ ఎనిమిదేళ్లప్పుడు, పన్నెండేళ్లప్పుడు, పదిహేనేళ్లప్పుడు రోజు ఎలా గడిపిందో ఇందులో కనపడుతుంది. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ల మధ్య కాస్తగా ఉన్న తేడా ఈడొచ్చేకొద్దీ పెరుగుతుంది. సరిగ్గా చదువు బరువెక్కే ఏళ్లలోనే ఆడపిల్ల మీద ఇంటిబరువూ పెరుగుతుంది.

పనే పాఠమన్న వాదం

పిల్లల చేత పని చేయించాలనేవాళ్లు తరచూ చూపే ఆధారం హార్వర్డ్ అధ్యయనం. చిన్నప్పుడు ఇంటిపని చేసినవాళ్లే పెద్దయ్యాక విజయం సాధించారని హార్వర్డ్ తేల్చిందన్న మాట, 2015లో వచ్చిన ఒక ప్రసిద్ధ అమెరికన్ పెంపకం పుస్తకం, ఆ రచయిత్రి టెడ్ ప్రసంగం తర్వాత లోకమంతా పాకింది. తెలుగులోనూ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. మూలానికి వెళితే కథ వేరు. జార్జ్ వేలంట్, కరోలిన్ వేలంట్ 1981లో ప్రచురించిన ఆ పరిశోధన హార్వర్డ్ పట్టభద్రుల మీద జరగలేదు. బోస్టన్ పేటల్లో పెరిగిన 456 మంది పేద మగపిల్లలను నడివయసు దాకా గమనించి రాసినది. అందులో కొలిచింది ఇంటిపని ఒక్కదాన్నే కాదు. చిన్న ఉద్యోగం, ఇంటిపని, బడిలో శ్రమ, క్లబ్బు కార్యక్రమాలు, ఇబ్బందులను తట్టుకున్న తీరు కలిపి పనిచేసే సత్తా అనే ఒక సూచిక కట్టారు. ఆ సూచికలో ముందున్నవాళ్లు పెద్దయ్యాక మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారు. విలువైన ఫలితమే. అయితే అంట్లు తోమితే కలెక్టరవుతారని దీన్నుంచి తీయడం తప్పు.

మూడు నాలుగేళ్ల వయసులో ఇంటిపనిలో చేరినవాళ్లు ఇరవైల్లో మెరుగ్గా ఉన్నారన్న మార్టీ రాస్‌మన్ విశ్లేషణదీ ఇదే పరిస్థితి. 2002లో మినసోటా విశ్వవిద్యాలయం ప్రకటించిన ఈ ఫలితం 84 మంది మీద ఆధారపడింది. అంత చిన్న గుంపు మీద అంత పెద్ద తీర్మానం నిలవదు.

గట్టి ఆధారాలు ఇంతకంటే నెమ్మదిగా మాట్లాడతాయి. 2019లో వచ్చిన ఒక అమెరికన్ విశ్లేషణ 9,971 మంది పిల్లలను చూసింది. కిండర్‌గార్టెన్‌లో ఇంటిపని తరచుగా చేసినవాళ్లు మూడో తరగతికి వచ్చేసరికి తమ చదువు మీద, స్నేహాల మీద, జీవితం మీద కొంత ఎక్కువ నమ్మకంతో ఉన్నారు. లెక్కల్లోనూ కొంచెం ముందున్నారు. ఆడా మగా తేడా, ఇంటి ఆదాయం, తల్లిదండ్రుల చదువు లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. ఆస్ట్రేలియాలో 2022లో 5–13 ఏళ్ల పిల్లలున్న 207 మంది తల్లిదండ్రులను అడిగితే, తమకోసం, ఇంటికోసం పనిచేసే పిల్లల్లో జ్ఞాపకాన్ని పనికి వాడుకునే శక్తి, తొందరపాటును ఆపుకునే శక్తి ఎక్కువగా కనిపించాయి. పెంపుడు జంతువుల పనితో ఆ సంబంధం కనపడలేదు. పని అలవాటు బుద్ధిని పెంచిందా, నిదానం గల పిల్లలకే పెద్దలు పని అప్పగించారా అన్నది ఈ రెండు అధ్యయనాలూ విడదీయలేవు.

ఎంత పని అని అడగడం మాని ఎలాంటి పని అని అడిగినవాళ్ల దగ్గర అసలు విలువైన సంగతి దొరుకుతుంది. జాక్వెలిన్ గుడ్‌నౌ, జోన్ గ్రూసెక్, కోహెన్ 1996లో ఒక తేడా చూపించారు. తన మంచం తాను దులుపుకోవడం, తన బొమ్మలు తాను సర్దుకోవడం ఒక రకం. అందరి కంచాలు పెట్టడం, ఇంటిల్లిపాది బట్టలు మడతపెట్టడం ఇంకో రకం. కౌమారంలో ఉన్న పిల్లల్లో ఇతరుల పట్ల పట్టింపు రెండో రకంతోనే ముడిపడింది. అదీ ఎవరో చెప్పినప్పుడల్లా చేస్తే కాదు, రోజువారీ అలవాటుగా చేస్తేనే. నీ గది నువ్వు సర్దుకుంటే చాలు అని మనం తృప్తిపడే చోటు, ఈ పరిశోధన ప్రకారం, పని మొదలవ్వాల్సిన చోటు.

ఇంకా వెనక్కి వెళితే 1950ల్లో బియాట్రిస్ వైటింగ్, జాన్ వైటింగ్ దంపతులు ఆరు సమాజాల్లో చేయించిన అధ్యయనం ఉంది. 1975లో పుస్తకంగా వచ్చింది. కెన్యా, మెక్సికో, ఫిలిప్పీన్స్ పల్లెల్లో ఇంటికి నిజంగా అవసరమైన పనులు చేసే పిల్లలు సాయం చేసే స్వభావంతో, బాధ్యతతో కనిపించారు. ఒకినావా పల్లె, అమెరికా పట్నం, ఉత్తరప్రదేశ్‌లోని ఖాలాపూర్ పిల్లలు తమకు కావలసినవి ఇతరుల చేత చేయించుకునే, పక్కవాళ్లను శాసించే వైపు మొగ్గారు. మన దేశపు పల్లె అమెరికన్ పట్నం సరసన చేరింది. ఖాలాపూర్‌లో పరిశోధకులు చూసినవి రాజపుత్రుల ఇళ్లు. పనిచేసే కులాలు వేరుగా ఉన్న చోట ఇంటి బిడ్డ చేతికి చీపురు రాదు. పని మీద మనకున్న చిన్నచూపులో కులం ఎంత ఉందో ఇక్కడ తేటపడుతుంది. ఈ సంగతి దాటేసి చేసే భారతీయ పెంపకం చర్చ ఏదీ పూర్తి కాదు.

చాకిరీ గీత ఎక్కడ

హక్కుల వాదులు రెండు గీతలు గీస్తారు. ఒకటి గంటల గీత: 5–14 ఏళ్ల పిల్లలు వారానికి 21 గంటలు గానీ అంతకు మించి గానీ ఇంటిపని చేస్తుంటే యూనిసెఫ్ దాన్ని బాల కార్మికత కింద లెక్కిస్తుంది. రోజుకు మూడు గంటలు. మధ్యతరగతి ఇంట్లో ఇది ఊహకందని అంకె. కూలికి వెళ్లే తల్లి ఇంట్లో పెద్దపిల్లకు అసాధారణమేమీ కాదు. రెండోది బడి గీత. చదువు చెడగొట్టే పని ఎంత చిన్నదైనా తప్పే.

మన చట్టం ఈ గీతలను కొంత చెరిపింది. 2006 అక్టోబరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇళ్లలో పనికి పెట్టుకోవడం నేరం. 2016 సవరణ పద్నాలుగేళ్ల లోపు వారి పనిని మొత్తంగా నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని పనుల్లో కుటుంబానికి సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. కుటుంబమంటే అమ్మ, నాన్న, తోబుట్టువులతో ఆగలేదు. తల్లి వైపు, తండ్రి వైపు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. చదివిస్తామని ఊరి నుంచి తెచ్చుకున్న పిల్ల పెద్దమ్మ ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో రోజంతా అంట్లు తోముతుంటే అది సాయమా, పనిమనిషితనమా? హక్కుల సంస్థల అభ్యంతరం ప్రధానంగా ఇక్కడే, అది న్యాయమైనది కూడా.

జర్మనీ పౌర స్మృతిది మరో దారి. తల్లిదండ్రుల పోషణలో ఇంట్లో ఉన్న బిడ్డ తన శక్తికి, స్థితికి తగినట్టు ఇంటిపనిలో సాయపడాలని 1619వ సెక్షన్ చెబుతోంది. అక్కడ సాయం విధి, ఇక్కడ మినహాయింపు. బడి మానేసి పనికి పోయిన పిల్లల చరిత్ర మనకు ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి మన చట్టం విధి అనే మాటకు దూరంగా ఉండటమే మంచిది.

బడిలో పని గురించి ఒక్క మాట. చైనా 2022 శరదృతువు నుంచి శ్రమను విడి పాఠ్యాంశం చేసి, వారానికి కనీసం ఒక పీరియడు కేటాయించి, ఊడవడం నుంచి వంట దాకా తరగతుల వారీగా నేర్పుతోంది. జపాన్‌లో పిల్లలు తరగతి గదులు తామే శుభ్రం చేస్తారు. మన దగ్గర ఇలాంటిది పెట్టాలన్నప్పుడల్లా దళిత సంఘాలు వేసే ప్రశ్నకు జవాబుండాలి: మరుగుదొడ్డి వంతు ఎవరికొస్తుంది? 2023 డిసెంబరులో కర్ణాటక కోలార్ జిల్లాలోని ఒక గురుకులంలో దళిత పిల్లలను సెప్టిక్ ట్యాంకులోకి దించిన ఘటన బయటపడింది. పని అందరికీ పాఠమన్నప్పుడు ఆ అందరిలో ఎవరెవరున్నారో పేర్లతో రాసిన వంతుల పట్టిక లేకపోతే ఆ మాట నమ్మలేం.

అన్నా చెల్లెలూ

ఇల్లాలి పని మీద తెలుగు సాహిత్యం చాలా ముందుగానే మాట్లాడింది. ఇల్లు అలుకుతూ తన పేరే మరచిపోయిన ఇల్లాలి కథ 'ఇల్లలకగానే'ను పి. సత్యవతి మూడు దశాబ్దాల కిందటే రాశారు. ఆ మరపు పెళ్లితో మొదలవదు, చిన్నతనంలోనే మొదలవుతుంది. రేపు పరాయింటికి వెళ్లే పిల్ల అని చెల్లెలికి వంట నేర్పుతారు. మగపిల్లాడివి, నీకెందుకు వంటింట్లో పని అని అన్నను పంపేస్తారు. ఒకే పని ఆమెకు శిక్షణ, అతనికి చిన్నతనం.

అందుకే 1973లో కరోల్ ఎంబర్ కెన్యాలోని లువో తెగలో చేసిన చిన్న పరిశోధన ఈ చర్చలో అతి ముఖ్యమైనదని నా అభిప్రాయం. అక్కచెల్లెళ్లు లేని ఇళ్లలో ఆడపిల్లల పనులు మగపిల్లలకు వచ్చేవి. వంట, నీళ్లు, పసిబిడ్డల ఆలనాపాలనా. ఆ పిల్లలు మిగతా మగపిల్లల కంటే తక్కువ పెత్తనంతో, ఎక్కువ సాయబుద్ధితో ఉన్నారు. స్వభావమని మనం అనుకునేదాంట్లో కొంత భాగం పని నేర్పినదే. 2014లో కెనడాలో అలిస్సా క్రాఫ్ట్ బృందం 7–13 ఏళ్ల 326 మంది పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను చూసింది. తండ్రి ఇంటిపనిలో నిజంగా పాల్గొనే ఇళ్లలో కూతుళ్లు పెద్దయ్యాక ఇల్లాలి పాత్రకే పరిమితం కావాలని అనుకోవడం తగ్గింది. తండ్రి సమానత్వం గురించి ఏం మాట్లాడతాడన్నదాని కంటే ఏం చేస్తాడన్నది బిడ్డ మీద పనిచేసింది.

బడులు ఈ దిశగా కదలగలవు. జపాన్ 1993లో మాధ్యమిక పాఠశాలల్లో, 1994లో ఉన్నత పాఠశాలల్లో గృహశాస్త్రాన్ని ఆడపిల్లలకూ మగపిల్లలకూ తప్పనిసరి చేసింది. 2024లో కేరళ మూడో తరగతి పాఠ్యపుస్తకంలో తండ్రి కొబ్బరి తురుముతున్న బొమ్మ వేసింది. బొమ్మ ఒక్కటే వంటింటిని మార్చదు. కానీ దాన్ని చూస్తున్న ఎనిమిదేళ్ల మగపిల్లవాడికి తన చోటు అక్కడ ఉండవచ్చని ఎవరైనా చెప్పడం మంచిదే.

డబ్బిస్తే చేస్తారా

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది రోజువారీ ప్రశ్న. పనిమనిషి ఉండదు, పక్కింటి పిల్లలకు వారం వారం చెత్త బయట పెట్టినందుకు డాలర్లు వస్తాయి. ఆధారాలు డబ్బుకు వ్యతిరేకంగానే ఎక్కువ ఉన్నాయి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ శిశుపాఠశాలలో బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లలకు ముందే బహుమతి చెప్పి గీయిస్తే, తర్వాత వాళ్లకు ఆ ఇష్టమే తగ్గింది. ఏడాదిన్నర పిల్లలు అపరిచితులకు సైతం అడగకుండానే సాయం చేస్తారని ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమసెల్లో 2006లో చూపించారు. సాయానికి బహుమతిగా వస్తువు అందుకున్న పిల్లలు ఆ తర్వాత తక్కువగా సాయపడ్డారని 2008లో తేల్చారు. ఇవి పసిపిల్లల ఫలితాలు. పదమూడేళ్లవాడికి డబ్బు లెక్క నేర్పాలనుకుంటే జేబుఖర్చు వేరుగా ఇవ్వవచ్చు, దాన్ని గిన్నెలకు ముడిపెట్టనక్కర్లేదు.

ఇల్లు తేలికవుతుందా

అందరూ అడిగే ఈ ప్రశ్న మీద పరిశోధన తక్కువ, వాగ్దానాలు ఎక్కువ. మొదట్లో తేలిక కాదన్నదే నిజాయితీ గల జవాబు. ఆరేళ్ల బిడ్డ చిక్కుడుకాయలు ఒలిస్తే ఈనెలు మళ్లీ తీసుకోవాలి, ఊడిస్తే మళ్లీ ఊడవాలి. అసలు బరువు అక్కడ కూడా లేదు, పురమాయింపులో ఉంది. ఇంట్లో కనపడని ఆలోచన పనిని సామాజిక శాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో నాలుగు భాగాలు చేశారు: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో చూసుకోవడం. ఆమె చూసిన జంటల్లో ముఖ్యంగా పసిగట్టడం, చూసుకోవడం స్త్రీల మీదే పడ్డాయి. పిల్లలకు పని పంచినప్పుడు తల్లి చేతిలోంచి గిన్నె పోయి అజమాయిషీ వచ్చి చేరుతుంది. ఒక్కసారి చెప్తే చేయవేం అని రోజుకు పదిసార్లు అనాల్సిన ఇల్లు తేలికపడినట్టు కాదు.

ఎలినార్ ఓక్స్, కరోలినా ఇస్కియెర్దో 2009లో ప్రచురించిన పోలిక ఇక్కడ వెలుగునిస్తుంది. పెరూ అడవుల్లోని మత్సిగెంక తెగలో ఆరేళ్ల పిల్ల పరాయి కుటుంబం వెంట నదీయాత్రకు వెళ్లి, ఎవరూ చెప్పకుండానే చాపల మీది ఇసుక ఊడ్చింది, ఏటి రొయ్యల వంటివి పట్టి, కడిగి, వండి అందరికీ పెట్టింది. లాస్ ఏంజెలెస్ మధ్యతరగతి ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల తన ముందున్న బల్ల మీద చెంచా ఎందుకు లేదని అడుగుతుంది. అక్కడి తల్లిదండ్రులు పని చెప్పడం, బతిమాలడం, చివరికి తామే చేసేసుకోవడం కెమెరాలో పదే పదే నమోదైంది. తొందర వల్ల, గొడవ పడలేక, పిల్లల చదువు వేళ పాడవుతుందని. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కారణాలు వేరుగా లేవు.

బార్బరా రోగాఫ్, ఆమె సహచరులు మెక్సికోలోని గ్వాదలహారలో చేసిన పరిశోధన ఒక మెట్టు ముందుకు వెళ్లింది. ఆదివాసీ మూలాలున్న కుటుంబాల పిల్లలు చెప్పించుకోకుండా తమంతట తామే ఇంటిపనిలో దిగేవారు. బాగా చదువుకున్న నగర కుటుంబాల్లో పనులు అప్పగించి, బహుమతులు చూపి, అదుపు చేసినా పిల్లల చొరవ తక్కువే. తేడా చిన్నప్పుడే మొదలైంది. మొదటి ఇళ్లలో రెండు మూడేళ్ల బిడ్డ పిండిలో చెయ్యి పెట్టినా అడ్డు చెప్పరు, పెద్దలు చేస్తున్న పనిలోనే చోటిస్తారు. రెండో ఇళ్లలో బిడ్డ పడుకున్నాక పని చక్కబెట్టుకుంటారు. సాయం చేయాలని ఉబలాటపడే ఏళ్లలో పక్కకు పో అని పంపి, పదేళ్లొచ్చాక పట్టిక గోడకు అంటిస్తే ఉబలాటం తిరిగి రాదు. తెలుగు ఇళ్లలో చేదోడు వాదోడు అనేది ఈ కలిసి చేయడాన్నే. అమ్మ తరుగుతుంటే నాన్న గిన్నెలు కడుగుతుంటే మధ్యలో బిడ్డ కంచాలు పెట్టడానికీ, అందరూ టీవీ ముందుండి బిడ్డను ఒక్కణ్ణే లేపి పంపడానికీ చాలా తేడా ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

పనే పాఠమనేవాళ్లు మధ్యతరగతి బిడ్డను చూస్తున్నారు, హక్కుల వాదులు బడి తప్పిన బిడ్డను. ఒకరికి సమస్య పని లేకపోవడం, ఇంకొకరికి మితి మీరడం. అందుకే ఒకరి సలహా రెండోవారి బిడ్డకు హాని చేస్తుంది. స్త్రీవాదులు ఈ ఇద్దరినీ ఒకే ఇంట్లో చూపిస్తారు: ఏమీ చేయని అన్న, మితి మీరి చేసే చెల్లెలు. రోగాఫ్ వంటి పరిశీలకులు పని పరిమాణాన్ని పక్కన పెట్టి దాని తీరును చూస్తారు. వాళ్ల బలం అదే, బలహీనత కూడా అదే. తీరు ఎంత సహజమైనా వారానికి ముప్పై గంటలైతే అది చాకిరీయే. ఈ నాలుగు వాదాలూ కలిసే చోటు చిన్నదే గానీ గట్టిది. చదువును తినేయని పరిమితిలో, డబ్బుకు ముడిపెట్టకుండా, ఇంటిల్లిపాదికీ చెందిన పని ఆడా మగా తేడా లేకుండా చిన్నప్పటి నుంచీ చేయడాన్ని ఏ వర్గమూ కాదనదు. పంపకం కొడుకుతో, తండ్రితో మొదలు కావాలన్నది ఈ సమీక్ష నుంచి నాకు తేలిన మాట. కూతురి వాటా మన ఇళ్లలో ఇప్పటికే ఉంది కాబట్టి.

ఇంకా తేలనివి

కార్యకారణం తేలలేదు. కొన్ని ఇళ్లకు ఇంటిపని అలవాటు చేసి, కొన్నింటికి చేయకుండా ఏళ్ల తరబడి చూసే ప్రయోగం కష్టం. ఇంటిపని ప్రభావాన్ని కొలిచిన పై అధ్యయనాల్లో చాలావరకు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలవి. పనిమనిషి, ఉమ్మడి కుటుంబం, కోచింగ్, హాస్టలు ఉన్న సమాజంలో అవి ఎంతవరకు వర్తిస్తాయో చూడాలి. రెసిడెన్షియల్ కాలేజీలో ఆరేళ్లు గడిపి ఇంజనీరింగ్‌కు వచ్చిన పిల్లల మీద ఇంటిపని లేని ఆ కౌమారం ప్రభావం విడిగా పరిశోధించదగ్గది. జాతీయ కాల వినియోగ సర్వే ముడి సమాచారం పరిశోధకులకు అందుబాటులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 6–14 ఏళ్ల అబ్బాయిల, అమ్మాయిల నిమిషాలను విడదీసి ప్రతి అయిదేళ్లకూ తెలుగులో ప్రచురించడం మన విశ్వవిద్యాలయాలకు పెద్ద ఖర్చేమీ కాదు.

అన్నిటికంటే క్లిష్టమైనది పనిమనిషి ప్రశ్న. పట్నపు మధ్యతరగతి బిడ్డకు ఇంటిపని లేకపోవడానికి కారణం ఆ పని మాయం కావడం కాదు. ఇంకో స్త్రీ వచ్చి చేసిపోతోంది. ఆమె నాలుగిళ్లలో అంట్లు తోమి ఇల్లు చేరేసరికి అక్కడి పని ఆమె కూతురు చేసి ఉంటుంది. ఒక ఇంట్లో పిల్లలు పని అందుకుంటే ఆ తల్లికి జీతం పోతుందా, లేక జీతం తగ్గకుండా గంటలు తగ్గి కూతురికి పుస్తకం పట్టే వేళ దొరుకుతుందా? అది యజమానుల మీద, పనివారి వేతనాలపై ప్రభుత్వ నిర్ణయాల మీద ఆధారపడింది. పిల్లల ఇంటిపని మీద ఇకముందు వచ్చే అధ్యయనాలు ఈ రెండు ఇళ్లనూ కలిపి చూడాలి.